కర్రెగాడు తాగగా మిగిలిన జావ

ఫినాయిల్ వాసన తగిలితే చాలు, దాని వెనకాలే ఎక్కడినుంచో పులిసిన జొన్న జావ వాసన వచ్చి నా ముక్కులో చేరుతుంది. మొన్న జగదల్‌పూర్‌లో మా కుక్క బ్రూనోను పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయినప్పుడూ అదే అయింది. అద్దాల తలుపు, చల్లటి గది, వరుసగా ప్లాస్టిక్ కుర్చీలు, ఒళ్లో పిల్లి బుట్ట పెట్టుకున్న కాలేజీ కుర్రాడు, ఒక చేత్తో కుక్కపిల్లను, ఇంకో చేత్తో స్టీలు గిన్నెను పట్టుకున్న ఆరేడేళ్ల పాప, గోడ మీద హిందీలో పెద్ద నోటీసు: కుక్కకు గొలుసు ఉండాలి, పిల్లి బుట్టలో ఉండాలి, వాంతులు, విరేచనాలు ఉంటే ముందే చెప్పి బయట కూర్చోవాలి, ఎవరి గిన్నె వారిదే. బల్ల వెనక అమ్మాయి చీటీ రాస్తూ తలెత్తకుండానే "ఉల్టీ హువా క్యా?" అంది, వాంతులయ్యాయా అని. పొద్దున లేచిన దగ్గర్నుంచి బ్రూనో మూడుసార్లు కక్కాడు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. 'లేదు' అనే మాట నా నాలుక చివరికి వచ్చి కూర్చుంది. సిగ్గులేని నాలుక, ముప్పై ఐదేళ్లయినా బుద్ధి రాలేదు.

మాది మద్దేడ్ అంగడికి నడిచిపోయేంత దూరంలో ఉన్న పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, వాగు దాటితే దోర్లి, అంగట్లో ఈ మూడూ కలిపిన ఇంకో భాష, దాన్నే మేము అందరికంటే బాగా మాట్లాడేవాళ్లం. ఎండాకాలం వచ్చిందంటే ఊరు ఊరంతా అడవిలోనే ఉండేది; పొద్దు పొడవకముందే ఇప్పపువ్వు ఏరడానికి గంపలు ఎత్తుకుని పోవడం, ఆ తీపి మత్తు వాసన బట్టలకు పట్టి మూడు ఉతుకులకు గాని వదలకపోవడం, మొర్రిపండ్లు తిని నోరు ఊదారంగు తిరగడం, మామిడికాయ పండుగ కాకముందే ఎవరూ చూడకుండా ఒక పచ్చికాయ కొరికి పళ్లు పులిసి అన్నం నమల్లేక దొరికిపోవడం, ఆ తరువాత తునికాకు కోత, ఆకులు కట్టలు కట్టీ కట్టీ వేళ్లు నల్లబడిపోవడం. కోతల మధ్య మగపిల్లలతో చిర్రగోనె ఆడితే మా అవ్వ చుట్ట నోట్లోంచి తియ్యకుండానే తిట్టేది. చుట్ట ఊగే తీరును బట్టి తిట్టు ఎంత ఘాటైనదో మాకు తెలిసిపోయేది.

మా అవ్వ, అంటే నాయిన తల్లి, ఆమెకు అన్నిటికంటే పెద్ద పట్టింపు ఒకటుండేది. ఎవరితోనైనా ఒక నీడన కూర్చుంటే మన సొరబుర్రలో జావ వాళ్లకు పోయకుండా మనం తాగకూడదు. తెలిసినవాళ్లా, కానివాళ్లా, ఏ కులం, ఏ భాష, అవేవీ లేవు. మనుషులకే కాదు, గొడ్లకూ అంతే. మా వాకిట్లో రాతి కుడితి గోలెం ఉండేది. బియ్యం కడుగు, గంజి, తవుడు అన్నీ అందులోకే పోయేవి. దారినపోయే ఎవరి ఎద్దయినా, ఎవరి మేకయినా ఆగి మూతి పెట్టొచ్చు. ఒకసారి పక్కూరి బక్క ఆవును నేను అదిలిస్తే, "మూతి పెట్టిన దాన్ని ఎల్లగొడ్తవా? నీ నోటి ముందటి కూడు గుంజుకుంటే నీకెట్లుంటదే?" అని ఆ పూట నిజంగానే నా ముందు నుంచి కంచం తీసేసింది. నాకు ఆ పాఠం బాగా ఒంటబట్టింది, కాస్త ఎక్కువగానే.

నాకు పదేళ్లప్పుడు, తునికాకు రోజుల్లోనే, మా కర్రెగాడికి జబ్బు చేసింది. కర్రెగాడు మా నల్ల కుక్క. రెండు రోజులు తిన్నదంతా కక్కి, నీళ్లలా పారుకుని, మంచం కింద చేరి నా అరికాలు మాత్రం నాకుతూ పడుకున్నాడు. ఆ రోజుల్లో కుక్కను దవాఖానకు తీసుకుపోయేవాళ్లెవరు? ఎద్దుకైతే పోతారు, పాడి ఆవుకైతే పోతారు. నేను అన్నం మానేసి ఏడ్చేసరికి నాయిన, "నీ ఏడుపుకన్నా ఆ దవాఖానే నయం, నడువు" అని కర్రెగాడిని గంపలో వేసి సైకిల్ వెనక కట్టి, నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బయలుదేరాడు. దవాఖాన ముందర దింపి, టైరు పంచరు వేయించుకొస్తానని వెళ్లాడు. నా చేతిలో కర్రెగాడి తాడు, భుజాన సొరబుర్ర నిండా జావ, నడుముకు దోపుకున్న రెండు మోదుగాకు దొప్పలు.

అది పెంకుటిల్లు, ముందు ఒక వరండా. వరండాలో గంప కింద కోళ్లు, స్తంభాలకు మేకలు, బయట కర్రల చట్రంలో బిగించిన ఒక ఎద్దు, అంతటా ఫినాయిల్ వాసన. కంపౌండరు మెట్టు మీద నిలబడి వచ్చినవాళ్లకు వచ్చినట్టు చెప్పేవాడు: "కక్కేటియి, పారేటియి ఉంటే ముందే చెప్పుర్రి. అవి అగో, ఆ చింతచెట్టు కాడ ఉండాలె. ఎవల దొప్ప వాళ్లదే. ఇది మీ ఇంటి కుడితి గోలెం కాదు." చెట్టు కింద ఉన్నవాటిని అందరి తరువాత చూస్తారు, డాక్టరు సాబేమో మధ్యాహ్నానికి మోటరు సైకిలెక్కి ఇంకో ఊరికి పోతాడు. నా వైపు తిరిగి, "నీ కుక్క కక్కిందా, పిల్లా?" అన్నాడు. "లే సార్. ఒట్టి జ్వరమే" అన్నాను. కర్రెగాడి మీద ప్రేమతో అన్నానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది సగమే నిజం. ఆ చింతచెట్టు సగం ఎండిపోయి ఉంది, దాని కింద నీడ లేదు, నా కాళ్లకు చెప్పుల్లేవు. మిగతా సగం అది.

వరండాలో నా పక్కన కూర్చున్నది వాగు అవతలి ఊరి ముత్తయ్య తాత. దోర్ల మనిషి, ఇంట్లో ఒక్కడే. పంటకు పందులు పడకుండా మంచె మీద కాపలా కాసే వయసు దాటిపోయిందని, తోడుకు ఒక ఎర్ర కుక్కపిల్లను తెచ్చుకున్నాడు. మేక తొక్కి దాని ముందుకాలు విరిగితే తువ్వాలలో చుట్టి చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని నాలుగు కోసులు నడిచొచ్చాడు. కూర్చోగానే నడుము మూట విప్పి గుప్పెడు మొర్రిపండ్లు నా ఒళ్లో పోశాడు. "తిను బిడ్డా. నీ కుక్కకేమైంది?" అంటే, కంపౌండరు వింటున్నాడని, ఆయనకూ అదే చెప్పాను, జ్వరమని.

కాసేపటికి దొప్పలో జావ పోసి కర్రెగాడి ముందు పెట్టాను. వాడు మూతి ముంచి, రెండుసార్లు నాకి, చొంగ కార్చి తల తిప్పేసుకున్నాడు. ఆ వాసనకు ఎర్రపిల్ల తువ్వాలలోంచి మెడ సాచి కుయ్‌కుయ్‌మంది. "జరంత దానికి గూడ పొయ్యి బిడ్డా, పొద్దుగాల్నుంచి ఏం తినలే" అన్నాడు తాత. ఎవల దొప్ప వాళ్లదే అన్న మాట నా చెవిలో ఇంకా ఉంది. నడుముకు ఇంకో దొప్ప ఉంది, బుర్రలో జావా ఉంది. కానీ కర్రెగాడి ఎంగిలి పారబోసి కొత్త దొప్ప తీస్తే, కంపౌండరు ఎందుకని అడుగుతాడు. ఎందుకని అడిగితే నా అబద్ధం బయటపడుతుంది, చెట్టు కిందకు పొమ్మంటారు. అవ్వ చెప్పిన మర్యాద అప్పుడు నాకు భలే అక్కరకొచ్చింది. ఒక నీడన కూర్చున్నాం కదా, పెట్టాలి కదా అని ఆ దొప్పనే జరిపాను. పిల్ల తోక ఊపుతూ, అడుగున మడ్డి కూడా మిగల్చకుండా తాగింది. తాత నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "మంచి పిల్లవు" అన్నాడు.

డాక్టరు సాబు కర్రెగాడి నోరు, కళ్లు చూసి, నన్నేమీ అడక్కుండానే సీసాలకు సీసాలు నీళ్లెక్కించాడు. ఎర్రపిల్ల కాలికి వెదురు దబ్బలు కట్టి ఒక సూది వేశారు. కర్రెగాడు బతికాడు. మూడో రోజుకు లేచి కోళ్లను తరిమాడు.

రెండో అంగడి నాడు మా చింతపండు గంప దగ్గరికి తాత వచ్చాడు. భుజాన తువ్వాల ఒట్టిగా ఉంది. "సచ్చిపోయింది బిడ్డా. కక్కి కక్కి, నెత్తురు పారి సచ్చింది. మంచిగున్న పిల్లకు సూది పొడిచి సంపిన్రు" అన్నాడు. అంగట్లో కనబడిన ప్రతి ఒక్కరికీ అదే చెప్పాడు, వాళ్లు ఇంకొందరికి చెప్పారు. తరువాత నావైపు వంగి, "నీ కుక్క మంచిగున్నదా?" అన్నాడు. "మంచిగున్నది." ఆ ముసలి మొహంలో నిజంగానే సంతోషం కనబడింది. "పోనీ, ఒకటన్న దక్కింది" అని మూట విప్పి మళ్లీ మొర్రిపండ్లు పోశాడు. ఛీ, వాటిని కూడా తిన్నాను.

అంతటితో పోయినా బాగుండేది. వానలకు ముందు గొంతువాపు రాకుండా గొడ్లకు సూదులు వేయడానికి దవాఖానవాళ్లు వాగు అవతలి ఊరికి పోతే, తాత తన రెండెద్దులనూ అడవిలోకి తోలుకుపోయి దాచాడు. ఆయన మాట విని ఇంకొందరూ దాచారు. నాటుకు ముందు తాత ఎద్దొకటి మెడ వాచి, గురకపెట్టి, ఒక్క రోజులో పడిపోయింది. నాయిన ఈ మాట అన్నం తింటూ చెప్పాడు. "ముసలోడు ఉత్తి మొండోడు. పైస ఖర్చు లేని సూదికి భయపడి ఎద్దును సంపుకున్నడు" అన్నాడు. మొండోడు ఆయన కాదు నాయినా, దొంగను నేను, అని గొంతుదాకా వచ్చింది. ముద్ద మింగాను, దానితో పాటు అదీ దిగిపోయింది.

చెప్పాలని ఒకసారి నిజంగానే పోయాను. నాట్లప్పుడు వాగు దాటి, ఆయన పొలం గట్టు మీదికి. మిగిలిన ఒక్క ఎద్దు గట్టున మేస్తోంది. తాత మోకాళ్లదాకా బురదలో నిలబడి పారతో మడి తిరగేస్తున్నాడు. నన్ను చూడగానే పార వదిలి, చేతులు కడుక్కుని, మంచె నీడన కూర్చోబెట్టి, తన సొరబుర్రలోంచి ముందు నాకు దొప్పలో జావ పోశాడు. "ఏంది బిడ్డా, ఇంత దూరం వొచ్చినవు?" అన్నాడు. "ఊకెనే తాతా" అన్నాను. తాగాను. ఇంటికొచ్చాను. మరుసటేడు నన్ను జగదల్‌పూర్ హాస్టల్లో వేశారు. రెండో సెలవులకు వచ్చేసరికి ఆ మంచె మీద వేరే ఎవరో ఉన్నారు. కర్రెగాడు మాత్రం ఇంకా ఏడేళ్లు బతికాడు. సెలవులకు వచ్చిన ప్రతిసారీ వాడు ఉరికొచ్చి నా అరికాళ్లు నాకుతుంటే నేను కాళ్లు వెనక్కి లాక్కునేదాన్ని. పాపం, వాడికేం తెలుసు.

ఇప్పుడు మా ఊళ్లో కుడితి గోలెం లేదు, దాని చోట మోటరు సైకిలు నిలబెడుతున్నారు. సొరబుర్రలు ఇక్కడ జగదల్‌పూర్ దుకాణాల్లో లోపల దీపం పెట్టి గోడకు వేలాడదీయడానికి అమ్ముతున్నారు. ఈ చల్లటి గదిలో ఎవరి గిన్నె వారిదే, ఎవరి ఫోను వారిదే, ఒకరి మొహం ఒకరు చూడరు. ఈ పద్ధతే సరైనదని నాకంటే బాగా తెలిసినవాళ్లు ఈ గదిలో ఎవరూ లేరు.

"ఉల్టీ హువా క్యా, మేడమ్?" అమ్మాయి ఈసారి తలెత్తి అడిగింది. "హా. తీన్ బార్" అన్నాను. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది, పిల్లి బుట్ట కుర్రాడు అటు జరిగాడు. బ్రూనో గొలుసు పట్టుకుని బయటికొచ్చి, స్కూటర్ల మధ్య కాలుతున్న గచ్చు మీద దుప్పటి పరిచి కూర్చున్నాను. రెండు నిమిషాలకు అద్దాల తలుపు తోసుకుని ఆ పాప వచ్చింది, చంకలో కుక్కపిల్ల, చేతిలో గిన్నె నిండా నీళ్లు. "ఆంటీ, మీ కుక్కకు దాహం వేస్తోంది, పాపం" అంది, ముద్దుముద్దు హిందీలో. మంచి పిల్ల.

"దగ్గరికి రాకు తల్లీ" అన్నాను. "నా కుక్కకు అంటుజబ్బు. నీ పిల్లకు అంటుకుంటుంది."

పాప ఆగిపోయి, కుక్కపిల్లను గుండెకు హత్తుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ లోపలికి పోయింది. ఎంతసేపు పట్టింది ఆ మాట చెప్పడానికి? బ్రూనో ఒక్కసారి తోక ఊపేంతసేపు. నాకు ఏడుపొచ్చింది. ఆ పాప కుక్కపిల్ల ఎర్రది కాదు. ఆ మాట వినాల్సిన మనిషి ఒట్టి తువ్వాల భుజాన వేసుకుని, తన కుక్కను సూదే చంపిందని నమ్ముతూనే పోయాడు.