సెలీనా గురించి నేనన్న మాట

ఇరవై ఏళ్లకు పైగా ఒక మాటను మోస్తున్నాను. నా నోటి నుంచి వచ్చిన మాటే. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

దక్షిణాఫ్రికాలో అందరికీ ఓటు వచ్చి కొత్త ప్రభుత్వం ఏర్పడ్డ తొలి ఏళ్లలో కాకినాడ నుంచి డర్బన్ వచ్చాను. ఊరి శివారు ప్రాస్పెక్టన్‌లో కారు సీట్లు కుట్టే చిన్న ఫ్యాక్టరీలో ఇంజనీరుని. శనివారాలు షాల్‌క్రాస్‌లోని ఒక అనాథ పిల్లల హోమ్‌లో లెక్కలు చెప్పేవాణ్ని. ఆ మధ్యాహ్నాల కోసం ఇప్పటికీ మనసు లాగుతుంది. వరండా మెట్ల నిండా పిల్లలు, వంటింట్లోంచి బీన్స్ కూర వాసన, హోమ్ నడిపే రూత్ అక్క కేకలు. ఎప్పుడో చెరకు తోటల్లో పనికి వచ్చిన తెలుగువాళ్ల మనవరాలు ఆమె. ఆమెకు మిగిలిన తెలుగులో సగం తిట్లే. జూలూ పిల్లలు కూడా ఆ తిట్లు నేర్చుకుని ఒకరిమీద ఒకరు విసురుకుంటుంటే, నాకు మా వీధి గుర్తొచ్చి నవ్వు ఆగేది కాదు.

సెలీనా అక్కడే పెరిగింది. ఎయిడ్స్ ఇళ్లకు ఇళ్లు ఖాళీ చేస్తున్న రోజులవి. వాళ్లమ్మ దానితోనే పోయింది. రూత్ అక్కకు తప్ప ఎవరికీ తెలియని ఆ సంగతి సెలీనా నన్ను నమ్మి చెప్పింది. పద్దెనిమిది నిండితే హోమ్ వదలాలి. మా ఫ్యాక్టరీలో కుట్టుపనికి నేనే ఆమె పేరిచ్చాను. సోమవారం నుంచి రమ్మన్నారు.

శుక్రవారం టీ తాగుతూ మేనేజరు మామూలుగా అడిగాడు, ఆ అమ్మాయి తల్లి ఎలా పోయిందని. తెలియదంటే సరిపోయేది. చెప్పేశాను. ఎందుకు? నా వర్క్ పర్మిట్ ఆయన చేతిలో ఉందనా? రేపు ఆ పిల్లకేమైనా అయితే నన్నంటారనా? సెలీనాకు జబ్బుందో లేదో కూడా అప్పటికి నాకు తెలియదు. ఆయన ముఖం మారడం చూశాను, ఇంకో నాలుగు మాటలు చెప్పి సర్దడానికి అప్పటికీ సమయముంది, అయినా కప్పు ఖాళీ అయ్యేదాకా అలాగే కూర్చున్నాను.

మర్నాడు ఆమె మెట్ల మీద నా పక్కన కూర్చుంది. రూత్ అక్క దగ్గర నేర్చిన విరిగిన తెలుగులో అంది:

"పని లేదంట అంకుల్. ఫోన్ జేసి సెప్పినారు."

"ఎందుకట?" అన్నాను. చూడండి, నేనే అడిగాను.

"ఏం సెప్పలే. పర్లే. నువ్వు నాకోసరం అడిగినావు. ఎవురూ అడగలే, ఎప్పుడూ."

తలూపాను. అంతే.

ఆ నెలలోనే ఒక సంచితో చాట్స్‌వర్త్‌లో ఎవరిదో ఇంటి వెనక గదికి వెళ్లిపోయింది. ఏళ్ల తరబడి చేపల దుకాణంలో నిలబడి పనిచేసింది. తర్వాత పెళ్లయింది. ఇద్దరు పిల్లలు. జబ్బు ఆమెకు ఎప్పుడూ లేదు.

ప్రతి క్రిస్మస్‌కూ ఫోన్ చేస్తుంది. ఈసారి చెప్పేయాలనే అనుకుంటాను. ఇంతలో పిల్లలు లైన్లోకి వస్తారు. నేను చదువుల గురించి అడుగుతాను. చెబితే మళ్లీ ఆ ఫోన్ రాదేమోనని నా భయం. అప్పుడూ నన్ను నేనే చూసుకున్నాను, ఇప్పుడూ అంతే.

సెలీనా పని పోగొట్టింది నేను. ఈ వాక్యం ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. రాశాక, ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది.