మాటలు తీసేసిన పెండ్లి వీడియో

సూరత్ చీరల మార్కెట్లో నా ఉద్యోగం వీడియోల గొంతు మార్చడం. ఊళ్ళోనే ఖటోదరా పేటలో మరమగ్గం దగ్గర తీసిన వీడియోలో మోత తప్ప ఏమీ వినపడదు. దాన్ని తీసేసి వేణువు పెడతాను. చూసినవాళ్ళు ఆ చీరను ఏ ఏటి ఒడ్డునో నేశారనుకుంటారు. ఇంత గొప్ప విద్య నేర్చినదాన్ని కనుక, తమ్ముడి పెండ్లి వీడియో చేతికొచ్చిన రోజు నాన్న నా దగ్గరికే వచ్చాడు.

"బిడ్డా, మీ అత్త మాట ఒకటి పడ్డది అండ్ల. జర తీసెయ్. ఆదివారం వియ్యాలవారు చూడనీకి వస్తున్నరు."

పెండ్లి చేసింది ఆడపిల్లవాళ్ళు. భోజనాల దగ్గర మా మేనత్త కెమెరా పక్కనే నిలబడి, "పప్పేంది, గిట్ల నీళ్ళలెక్క ఉన్నది" అంది. ఆ సందడిలో మనుషుల చెవిన పడని మాట మైకుకు మాత్రం మంత్రాలకన్నా స్పష్టంగా వినపడింది.

ఆ ఒక్క ముక్క వినపడకుండా చేస్తే చాలన్నాను. కానీ సంగతి తెలియగానే ఇంట్లో అందరికీ తాము పెండ్లిలో ఏమేం వాగారో జ్ఞాపకం వచ్చింది. వియ్యాలవారు పెట్టిన చీరల గురించి తానేదో అన్నట్టుందని అమ్మ నసిగింది. తాను బ్యాండువాళ్ళ మీద అరిచింది కూడా తీసెయ్యమన్నాడు నాన్న. ఇలా తీసుకుంటూ పోతే మిగిలేవి అయ్యగారి మంత్రాలే. ఆయన కూడా నడుమ నడుమ ఫోన్ మాట్లాడాడు. చివరికి శబ్దమంతా తీసేసి సన్నాయి పెట్టాలని తీర్మానమైంది.

"తీసేముందు అత్త మాట తర్వాత ఏమున్నదో వినుండ్రి" అన్నాను. మా ఇంట్లో నా మాటకు ఎప్పుడో శబ్దం తీసేశారు.

సరే, బొమ్మ నుంచి ధ్వనిని విడదీసి పక్కన దాచాను. ఆ ఖాళీలో సన్నాయి పరిచాను. అది వీడియోకన్నా పొట్టిది కాబట్టి మళ్ళీ మళ్ళీ అతికించాను. సరిగ్గా తాళి కట్టేటప్పుడే మేళం జోరందుకునేలా ముందుకూ వెనక్కూ జరిపాను. అంతా కుదిరింది.

ఆదివారం సూరత్ దగ్గరి కిమ్ ఊరి నుంచి తమ్ముడి అత్తగారు వచ్చి టీవీ ముందు మా మేనత్త పక్కన కూర్చుంది. సన్నాయి మోగుతూనే ఉంది. అందరి పెదవులూ కదులుతున్నాయి. భోజనాల దగ్గర మా అత్త ఏదో అని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"గక్కడ ఆపు బిడ్డా" అందావిడ. "వదినె, నన్ను జూసే నవ్వుతున్నవ్ గద?"

"నిన్ను జూసి నేనెందుకు నవ్వుత? పప్పు గురించి అన్న."

"పప్పుకేమైంది?"

నాన్న నావైపు చూశాడు, తప్పంతా సన్నాయిదైనట్టు. నేనింకేమీ అడక్కుండా అసలు వీడియో పెట్టాను. నీళ్ళ పప్పు మాట వచ్చింది. దాని వెనకే, కెమెరాకు కనపడకుండా, ఆవిడ గొంతే వినపడింది. "ఔ వదినె, నేను గదే అంటున్న. వంటాయన నిండ ముంచిండు. మీరేమనుకుంటరోనని భయమైతున్నది."

"ఏమనుకుంటం? గారెలు మంచిగున్నయి" అంది మా అత్త గొంతు. తర్వాత ఇద్దరి నవ్వులు.

పెండ్లి హడావిడిలో ఇద్దరూ ఆ మాటలు మరిచిపోయారు. ఇప్పుడు ఒకరినొకరు చూసుకుని మళ్ళీ నవ్వారు. ఆ తర్వాత వీడియో మొత్తం మాటలతోనే చూడాల్సిందేనని పట్టుబట్టారు. చీరల సంగతి వచ్చినప్పుడు అమ్మ వంటింట్లోకి పోయింది. "నిజమే. అవి మా ఆడిబిడ్డ కొన్నది" అని తమ్ముడి అత్తగారు నిమ్మళంగా అంది. బ్యాండు ఘట్టం దాటేదాకా నాన్న వాకిట్లోనే నిలబడ్డాడు.

పోయేముందు ఆవిడ ఒక కాపీ అడిగింది. సన్నాయిది కూడా ఇవ్వనా అన్నాను.

"అదెందుకు బిడ్డా? అండ్ల ఎవ్వలు మాట్లాడరు."

నేను ఎంతో కష్టపడి జరిపిన మేళానికి దక్కిన మెప్పు అంతే. పెన్‌డ్రైవ్ సంచీలో వేసుకుని, నాలుగు రోజులుండి వద్దువుగానీ రమ్మని మా అత్తను కూడా కిమ్‌కు వెంటబెట్టుకుని పోయింది.