దీవెన ఎలా చేపింది?

మొన్న బందరు నుంచి గుడివాడ వెళ్తుంటే రైల్వే గేటు పడి బస్సు ఆగింది. పక్కనున్న నూనె మిల్లులోంచి వేడి తెలగపిండి వాసన కిటికీలోంచి దూరి, టికెట్ కూడా తీసుకోకుండా నా ఒళ్ళో కూర్చుంది. బస్సులో మిగతా అరవై మందికీ ఆకలేసి ఉంటుంది. నాకు మాత్రం సిగ్గేసింది. గేదెలకు పెట్టే ఆ తెలగపిండి వాసన తగిలితే నాకు ఏసుపాదంగారు గుర్తొస్తారు. ఆయన చేతులకూ, చొక్కాకూ, ఆదివారం చర్చికి కట్టుకెళ్ళే తెల్లపంచెకూ కూడా అదే వాసన.

ముదినేపల్లి దగ్గర ఒక ఊళ్ళో ఆయనకు పద్నాలుగు గేదెలుండేవి. ఆయన మీసం మీద రెండు కాకులు సంసారం చేసుకోవచ్చు. ఆయన గొంతెత్తి పాట పాడితే ఉయ్యూరు చెరుకు తోటల్లో నక్కలు లేచి కూర్చునేవి. పాలు తీసే ముందు ప్రార్థన చేసేవారు. భార్య సుగుణమ్మగారు, ఇద్దరు కూతుళ్ళు, ఆ తర్వాత పద్నాలుగు గేదెలు, అందరినీ పేరుపేరునా దేవుడికి అప్పగించేవారు. అది పూర్తయ్యేసరికి గేదెలు రెండో విడత నెమరు కూడా ముగించేవి. అప్పుడు నేను ఆ ఊరి పశువుల ఆసుపత్రిలో కొత్తగా చేరిన అసిస్టెంటుని. గిట్టలకు కట్లు కట్టడం నా పని. ఊరంతా నన్ను “ఏమోయ్” అంటే ఆయనొక్కరే “డాట్రు బాబూ” అనేవారు. ఇంత మర్యాద ఊరికే ఎవరిస్తారని ఆ రోజునుంచే ఆయన మీద ఒక కన్నేసి ఉంచాను. మా అమ్మ రెండోసారి అన్నం వడ్డిస్తేనే ఎందుకా అని ఆలోచించే మనిషిని నేను.

ఆ ఏడు దీవెన అనే గేదెకు దూడ చచ్చిపోయింది. దూడ మూతితో కుమ్మితేనే గేదె పొదుగులోకి పాలు దింపుతుంది. దాన్నే చేపడం అంటారు. దూడ పోతే చాలా గేదెలు చేపవు. అందుకని చచ్చిన దూడ తోలు ఒలిచి, లోపల గడ్డి కుక్కి, కుట్టి, తల్లి ముందు నిలబెడతారు. అది ఆ బొమ్మని నాకుతూ చేపేస్తుంది. ఆ పని తెలిసిన మనిషి గుడివాడలో ఉన్నాడు, కబురు పెట్టనా అని అడిగాను.

“వద్దు బాబూ. దానికి అబద్ధం చెప్పలేను.”

“గేదెకేం తెలుస్తుందండీ?”

“తెలవదనేగా బాబూ మోసం చేసేది!”

ఆ మాటకు నాకు గౌరవం కలగాలి. అనుమానం కలిగింది. ఆయన చచ్చిన దూడని దీవెన ముందే పడుకోబెట్టి, అది వాసన చూసి, నాకి, తనంతట తాను పక్కకు తిరిగేదాకా ఆగి, అప్పుడు తీసుకెళ్ళి పూడ్చారు. నాలుగు రోజులు చుక్క పాలు లేవు. అయిదో రోజు అర బకెట్టు. పదో రోజుకు పాలు మామూలే. దూడ లేదు, బొమ్మ లేదు, మరి ఎలా చేపింది? మూడు మధ్యాహ్నాలు గడ్డివామి వెనక నక్కి నిఘా పెట్టాను. కృష్ణా జిల్లాలోని చీమలన్నీ నా మీదే కాపురం పెట్టాయి. అక్కణ్నుంచి ఆయన వీపూ, గేదె తోకా తప్ప ఏమీ కనబడలేదు. ఆయన లేనప్పుడు గొడ్లసావిడి చూరులో వెతికితే గుడ్డలో చుట్టిన చిన్న సీసా దొరికింది. నాకంతే చాలు.

“దూడ లేకుండా అంత చేపుతోందంటే, పాలు దిగడానికి ఇంజెక్షన్ పొడుస్తున్నారేమో” అన్నాను టీ కొట్టు దగ్గర. నేను ‘ఏమో’ అన్నాను. ఊళ్ళోకి వెళ్ళే దారిలో ఆ ‘ఏమో’ ఎక్కడో రాలిపోయింది. ఆయన వాడికగా పాలు పోసే ఇళ్ళు ఇరవై రెండు. మర్నాడు పందొమ్మిది ఇళ్ళవాళ్ళు వద్దన్నారు. పాస్టరుగారి భార్య కూడా, “మనవరాలికి పట్టే పాలండీ, ఏమీ అనుకోకండి” అని గిన్నె లోపలికి తీసేసుకున్నారు. ముప్పై ఏళ్ళుగా నీళ్ళు కలపని మనిషి అని ఉన్న పేరు, నేను ఒక టీ తాగి లేచేలోగా పోయింది. ఆ సాయంత్రం నుంచి ఏసుపాదంగారు ప్రార్థనలో నా పేరు కూడా చేర్చారని తెలిసి, దేవుణ్ణి ఏం చేయమంటున్నారో అని రెండు రోజులు వణికాను.

మూడో రోజు భార్యాభర్తలిద్దరూ ఆసుపత్రికే వచ్చారు.

“ఏవండీ డాట్రుగారూ, గేదెకి మేం పొడిచామో లేదో గానీ, మమ్మల్ని మీరు బాగానే పొడిచారు!” అన్నారు సుగుణమ్మగారు.

“ఊరుకోవే,” అని ఆయన నా వైపు తిరిగారు. “మధ్యానం మూడింటికి రండి బాబూ. వామి వెనక్కి కాదు, లోపలికే రండి.”

వెళ్ళాను. ముందు ఆ సీసా మూత తీసి నా ముక్కు కింద పెట్టారు. కర్పూరం కలిపిన కొబ్బరి నూనె. సుగుణమ్మగారి మోకాళ్ళకు రోజూ ఆయనే రాసేవారట. ఎదిగిన కూతుళ్ళ ముందు ఆవిడకు సిగ్గని, సావిట్లో దాచారట. తర్వాత దీవెన పక్కన గొంతుక్కూర్చుని, దాని డొక్కకు నుదురు ఆనించి, “చచ్చిపోయిందమ్మా. నేనే పూడ్చాను” అన్నారు. దీవెన వెనక్కి తిరిగి అరిచింది. ఆయన మళ్ళీ అదే మాట అన్నారు. అది మళ్ళీ అరిచింది. గడియారంలో నలభై నిమిషాలే అయింది గానీ, నాకు రెండు మూడు తల వెంట్రుకలు నెరిశాయి. అప్పుడు చనుమొనలు ఉబ్బి, ఎవరూ ముట్టుకోకుండానే పాలు చుక్కలు చుక్కలుగా నేల మీద పడ్డాయి.

“రోజూ ఇదే చెప్తారా?”

“రోజూ అడుగుద్ది బాబూ. అడిగినప్పుడల్లా చెప్పాలి గదా.”

క్షమించమన్నాను. సుగుణమ్మగారు బకెట్టు అందుకుంటూ, “టీ కొట్టు దగ్గరన్న మాట గొడ్లసావిట్లో వెనక్కి తీసుకుంటే ఎవరికి వినబడుద్దండీ?” అన్నారు.

టీ కొట్టు బల్ల ఎక్కి తప్పు నాదేనని గట్టిగా చెప్పాను. “ఎన్ని కేజీల నెయ్యి ముట్టింది డాట్రుగారూ?” అన్నాడు ఒకాయన. అందరూ నవ్వారు. జీవితంలో మొదటిసారి నా వైపు చూసిన ప్రతి కన్నూ నేను లోకాన్ని చూసే కన్నులాగే ఉంది. ఇక వారం రోజులు పందొమ్మిది ఇళ్ళకూ తిరిగాను. పద్దెనిమిది ఇళ్ళవాళ్ళు మళ్ళీ గిన్నె పట్టారు. రిటైరైన బడి మాస్టారి ఇల్లొక్కటి పట్టలేదు. మోకాళ్ళు అరిగి గేదెల్ని అమ్మేసే దాకా, ఆరేళ్ళపాటు, ఏసుపాదంగారు రోజూ ఆ గేటు ముందు సైకిలాపి, రెండుసార్లు గంట కొట్టి, కాసేపు నిలబడి వెళ్ళేవారు. ఎందుకండీ ఇంకా అని ఒకసారి అడిగాను.

“ఆళ్ళకి నా మీద అనుమానం బాబూ. నాకు ఆళ్ళ మీద లేదుగా.”

ఆ గేటు తెరుచుకోలేదు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఆయన దగ్గర ఇంత నేర్చుకున్నాను గనక నా అనుమానం పోయిందని రాస్తే మీరు నమ్మకండి, నేనూ నమ్మను. పోలేదు. కాకపోతే, ఇప్పుడు ఎవరి మీద అనుమానం వచ్చినా నలుగురిలో అనను. వాళ్ళ ఇంటికే వెళ్ళి, గుమ్మం ముందు చెప్పులు విడిచి, మొహాన్నే అడుగుతాను. చాలామంది తిట్టారు. ఇద్దరు కొట్టబోయారు. ఒకరిద్దరు మాత్రం కాసేపు నన్ను ఎగాదిగా చూసి, పక్కకు తప్పుకుని, లోపలికి రమ్మన్నారు.