భూస్థాపన క్యాసెట్టు మీద మా జోయెల్ ఆట

సహోదరులారా, సహోదరీలారా, ఈవిడకి మైకు ఇస్తే తిరిగి ఇవ్వదని మా ఆయన పాస్టరుగారికి ముందే చెప్పి ఉంటారు, చెప్పనివ్వండి! ఈ నోరు పెగలని రోజులు కూడా ఉన్నాయి నాకు. ఆ రోజుల్లోంచి నన్ను బయటికి లాగిన దేవునికే మహిమ కలగాలని ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

నరసాపురం దగ్గర మా ఊళ్లో మా అమ్మ పోయినప్పుడు నేను ఇక్కడే, హమద్ టౌన్‌లోనే ఉన్నాను. పాస్‌పోర్టు వీసా ఇచ్చిన యజమాని, ఆ కఫీల్ దగ్గర, కఫీల్ దేశంలో లేడు, ఇంకెలా వెళ్తాను! గల్ఫులో ఉన్నవాళ్లకి పెళ్లయినా చావైనా క్యాసెట్టులోనే కదా, మా తమ్ముడు కూడా అమ్మ భూస్థాపన అంతా వీడియో తీయించి, వచ్చేవాళ్ల చేత పంపించాడు. నేను చూడలేదు. చూస్తే అమ్మ పోయినట్టే కదా! దాని మీద పేరు రాయడానికి కూడా చెయ్యి రాలేదు, వచ్చిందని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, సూట్‌కేసు అడుగున దుప్పట్ల కింద పెట్టేశాను. కంట్లోంచి ఒక్క చుక్క కూడా రాలేదు.

అప్పటినుంచి మొదలైంది ఆ చప్పుడు. మా అమ్మ ఎప్పుడో జారిపడి ఎడమకాలు ఈడ్చి నడిచేది, చెప్పు నేలకి రాసుకుంటూ సర్రుమనేది. డ్యూటీ లేని రోజు మిట్టమధ్యాహ్నం, మా వీధిలో పిల్లి కూడా తిరగని ఎండలో, నేను కుట్టుమిషను ముందు కూర్చుని ఉంటే, బయట గోడవెంట సర్రు... సర్రు... అంటూ వచ్చేది, సరిగ్గా మా తలుపు దగ్గర ఆగేది. తీసి చూస్తే ఏముంది, గుమ్మంలో ఇసుక! ప్రార్థన చేద్దామని మోకరిస్తే మాట వచ్చేది కాదు.

మా జోయెల్ సంగతి మీకు తెలుసు. వాడి మార్కులు చూసి ఏ కాలేజీ వాళ్లూ పిలవరు, వాడి చదువంతా వాడి ఎడమకాల్లోనే ఉంది! ఫుట్‌బాల్‌లో లెఫ్ట్ వింగు ఆడతాడు. స్కూల్లో పీటీ సారు మలయాళీ, ఆయన చదివిన కేరళ కాలేజీలో స్పోర్ట్స్ కోటా ఉందట, 'ప్రొఫైల్ తయారు చేయండి, సెలవుకి వెళ్తూ నేనే పట్టుకెళ్లి ఇస్తాను' అన్నారు. ఎత్తు, బరువు, ఆడే స్థానం, ఆడిన టోర్నమెంట్లు, అన్నీ మా ఆయన మీనా సల్మాన్ రేవులో తన ఆఫీసులో టైపు కొట్టించుకొచ్చారు, 'బలమైన కాలు: ఎడమ' అని కూడా. దానికి తోడు వాడి ఆట చూపించే వీడియో కావాలి. అద్లియాలో స్నేహితుడి దగ్గర కెమెరా తెచ్చి మ్యాచ్ తీశారు, రెండు వీసీఆర్ డెక్కులు కలిపి మంచి మంచి ముక్కలు ఎక్కించడానికి ఖాళీ క్యాసెట్టు వెతికారు. పేరు లేని క్యాసెట్టు దుప్పట్ల కింద దొరికింది!

నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి తండ్రీకొడుకులు నవ్వుతూ నన్ను టీవీ ముందు కూర్చోబెట్టారు. మా వాడు బంతి తీసుకుని దౌడు తీస్తున్నాడు. దాని అడుగునుంచి సన్నగా ఏదో ఏడుపు. ఆ డెక్కులో పాత శబ్దం సరిగా చెరగదని తర్వాత తెలిసింది, అప్పుడు ఎవరికి తెలుసు! ఒక ముక్క అయిపోయి ఇంకో ముక్క వచ్చేలోపు తెర వణికింది, మల్లెపూల మధ్య మా అమ్మ ముఖం కనబడింది, మళ్లీ మా వాడు పరిగెత్తాడు. మళ్లీ వణికింది, పెట్టె. మళ్లీ పరుగు. గొయ్యి. జోయెల్ లేచి నిలబడి, "అమ్మా, అమ్మమ్మేంటే నా ఆటలో ఉంది?" అన్నాడు. నేను చటుక్కున టీవీ కట్టేశాను.

మర్నాటినుంచి వాడి ఎడమకాలు లేవలేదు. డాక్టరు ఎక్స్‌రే తీసి ఎముక బంగారంలా ఉందన్నాడు. "కావాలని ఈడ్వట్లేదమ్మా, ఎవరో వెనక పట్టుకున్నట్టుంది" అని ఏడ్చాడు బిడ్డ. సహోదరులారా, ఇన్నాళ్లూ గోడ బయట విన్న ఆ చప్పుడు, సర్రు... సర్రు... అంటూ ఇప్పుడు నా ఇంట్లో తిరుగుతోంది! పీటీ సారు ప్రయాణం దగ్గరపడింది, ఆ క్యాసెట్టు పంపలేం, కొత్తది తీద్దామంటే వీడు నడవలేడు.

శుక్రవారం కూడిక అయ్యాక మన రత్నమ్మక్క మా ఇంటికి వచ్చింది. అంతా విని, "ఏడవకుండా దాచుకుని, దాన్నే దెయ్యమంటావేంటే పిచ్చిదానా! పెట్టు ఆ క్యాసెట్టు" అని కసిరింది. నేను మోకరించాను. ఆ రోజు చేసిన ప్రార్థన ఇదీ: "ప్రభువా, మా అమ్మని నీకిచ్చెయ్యడం నాకు ఇష్టం లేదు, నీ మీద కోపంగా ఉంది, భయంగా కూడా ఉంది. ఇదిగో, తీసుకో మా అమ్మని. నా బిడ్డ కాలు వదిలించు తండ్రీ!"

క్యాసెట్టు పెట్టాం. మా వాడి ఆట అయిపోయాక మిగిలిన టేపులో భూస్థాపన నడిచింది. ఆడవాళ్లు పాడుతున్నారు, నేనూ గొంతు కలిపాను, అంతే, కట్ట తెగింది! అమ్మా అమ్మా అని గుండెలు బాదుకుని ఏడ్చాను. నన్ను చూసి భయపడిన జోయెల్ లేచి వంటింట్లోంచి మంచినీళ్లు తెచ్చాడు. గ్లాసు అందుకుని తాగుతుంటే అప్పుడు తట్టింది నాకు. వాడు వెళ్లిన చప్పుడు లేదు, వచ్చిన చప్పుడు లేదు. హల్లెలూయా!

మర్నాడు సీలు విప్పని కొత్త క్యాసెట్టు కొని, ఎండలో గ్రౌండుకి వెళ్లి మళ్లీ తీశాం. "ఒరేయ్ జోయెలూ, లోపలికి కొట్టరా!" అని నేను అరిచిన అరుపులన్నీ అందులో ఎక్కాయి. వాణ్ణి తీసుకున్న కాలేజీ కోచ్, 'ఆ అరిచే ఆవిడ ఎవరు' అని ముందు అదే అడిగాడట! వాడిప్పుడు ఆ కాలేజీ తరఫునే ఆడుతున్నాడు, దేవునికే స్తోత్రం.

ఒక్క మాట చెప్పి కూర్చుంటాను. ఆ కొత్త క్యాసెట్టు కాపీ మా ఇంట్లో ఉంది. చివర్లో నేను అరిచి అరిచి ఆయాసపడి ఊరుకున్నప్పుడు, కెమెరా పక్కనుంచి ఓ చప్పుడు వినబడుతుంది, సర్రు... సర్రు... అని. ఆ వేళ అక్కడ మేం ముగ్గురమే. మా ఆయన గాలి అంటారు, కావచ్చు, నేను వాదించను, దేవునికి తెలుసు. మీ ఇంట్లో కూడా పేరు రాయని క్యాసెట్టు ఏదైనా దుప్పట్ల కింద ఉంటే, భయపడకండి, తీసి దేవుని ముందు పెట్టండి, ఆయన్ని నమ్మండి. నేను ఆ చప్పుడు దగ్గర టీవీ కట్టెయ్యను. ఇదివరకు అది తలుపు దాకా వచ్చేది. ఇందులో మాత్రం దూరంగా, ఇంకా దూరంగా వెళ్లిపోతుంది.