భీమేశ్వరరావుగారి కప్పల బదిలీలు

భీమేశ్వరరావుగారికి ఎవరినీ ఉన్నచోట ఉండనివ్వడం చేతకాదు. ఏదో కేంద్ర మంత్రిత్వశాఖలో, సర్వీసంతా బదిలీల సెక్షన్లోనే గడిపిన మనిషి. రిటైరయ్యాక చేతికింద సిబ్బంది లేక, దేశ రాజధాని శివార్లలో, ద్వారకలోని తన గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్‌లో ఆవకాయ జాడీని బాల్కనీకి, బాల్కనీలోని తులసికోటను హాల్లోకి బదిలీ చేశారు. భార్య దుర్గాంబగారు గరిట పట్టుకుని వంటింటికి అడ్డం నిలబడ్డాక ఆయన దృష్టి కప్పల మీద పడింది.

ఆ అపార్ట్‌మెంట్లు కట్టకముందు అక్కడ పొలాలుండేవట. ఆ సంగతి మనుషులు మరిచిపోయినా కప్పలు మరిచిపోలేదు. వాన పడితే చాలు, వరిమళ్లలో తిరిగే బురదరంగు చిన్న కప్పలు మెట్ల దగ్గర హాజరయ్యేవి. భీమేశ్వరరావుగారు పొద్దున్నే మూత బకెట్ పట్టుకుని తిరిగేవారు.

“ఇస్ మే క్యా హై, సాబ్?” అని బకెట్ వైపు వేలు చూపించాడు గేటు దగ్గర గార్డు.

“స్టాఫ్.”

గార్డు మూత ఎత్తి చూశాడు. స్టాఫ్ మొహం మీదికి దూకింది. ఆ తర్వాత అతను మళ్లీ అడగలేదు.

ఆయన బాల్కనీలో ఒక తొట్టి నిండా వరి నాటి ఉంది. అందులో రెండు కప్పలు స్థిరపడ్డాయి. వాటినెందుకు కదపరని దుర్గాంబగారు నిలదీశారు.

“భార్యాభర్తలోయ్. ఒకేచోట పోస్టింగివ్వాలి, రూలుంది.”

వాళ్ల పై అంతస్తులో హైమవతి ఉండేది. కరీంనగర్ పిల్ల. భర్త తిరుమలేష్ ఫౌజులో చేరి సరిహద్దులో ఉన్నాడు. బల్లిని చీపురుతో తరిమేస్తుంది, బొద్దింకను చెప్పుతో కొడుతుంది. కప్ప కనిపిస్తే మాత్రం పై ప్రాణాలు పైనే పోతాయి. కిందటేడు వానాకాలం టీచరు ఉద్యోగం ఇంటర్వ్యూకి బయల్దేరితే ఆఖరి మెట్టు మీద ఒకటి కూర్చుని ఉంది. అది కదల్లేదు, ఈమె కదల్లేదు. ఇంటర్వ్యూ వేళ దాటిపోయింది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని ఆ సిగ్గు దుర్గాంబగారికి ఒక్కరికే చెప్పుకుంది.

ఈ ఏడు సాకేత్‌లో ఒక స్కూలు నుంచి పిలుపొచ్చింది. ఇదీ పోతే ఇక టీచరుగిరీ మాట ఎత్తకూడదని హైమవతి గట్టిగా అనుకుంది. అందుకే భీమేశ్వరరావుగారంటే ఆమెకు ఒళ్లు మంట. బాల్కనీలో చాయ్ తాగుతూ చూస్తే ఆయన రోజూ స్కూటర్ మీద బురదనీళ్ల బకెట్‌తో గేటు లోపలికి వస్తూ కనిపించేవారు. రాత్రుళ్లు కింద బెకబెకమనే కప్పలన్నీ ఎక్కణ్ణుంచి దిగుమతి అవుతున్నాయో ఆమెకు అర్థమైపోయింది. వెళ్లి సొసైటీ సెక్రటరీతో చెప్పింది.

కమిటీ ఆయన్ని పిలిపించింది. “రోజూ మెట్ల దగ్గర కప్పలతో మీకేం పనండీ?” అని సెక్రటరీ అడిగాడు.

“అది కాన్ఫిడెన్షియల్.”

కమిటీకి ఒళ్లు మండి బకెట్‌ను నిషేధించింది. “ఠీక్ హై, ఆర్డరంటే ఆర్డరే,” అని ఆయన చార్జి అప్పగించినంత మర్యాదగా బకెట్ అప్పగించి వెళ్లిపోయారు.

ఇంటర్వ్యూ రోజు తెల్లవారుజామున వాన కురిసి వెలిసింది. హైమవతి గంజిపెట్టిన చీర కట్టుకుని, ఫైలు పట్టుకుని ధీమాగా దిగింది. సగం మెట్ల మీదే కాళ్లు ఆగిపోయాయి. కింద నడవా అంతా కప్పలే. కాలు పెట్టే సందు లేదు.

“ఆంటీ,” అంది ఏడుపు గొంతుతో.

దుర్గాంబగారు తలుపు తీశారు. “ఏవమ్మా, ఇంకా బయల్దేరలేదా?”

“బకెట్ బందైంది గదా ఆంటీ, మరి గిన్ని కప్పలు యాడికెల్లి వచ్చినయి?”

“బకెట్ లేకే వచ్చాయమ్మా. ఆయన తెచ్చేవారనుకున్నావా? నువ్వు పాలకి దిగేలోపు అన్నిట్నీ ఏరి, కాలవ పక్క వరిపొలంలో వదిలొచ్చేవారు. వస్తూ మా తొట్టికి ఇంత బురద తెచ్చుకునేవారు.”

హైమవతి ఫైలు గుండెలకు అదుముకుంది. “అంకుల్‌కు నా సంగతి ఎట్ల తెలుసు?”

“ఒట్టు నువ్వు నాతో వేయించావు గానీ, మొగుడికి చెప్పకుండా ఎలా ఉంటానమ్మా?”

“మరి కమిటీ ముందర చెప్పలేదేంది?”

లోపల్నుంచి భీమేశ్వరరావుగారి గొంతు వినిపించింది. “కాన్ఫిడెన్షియల్ అన్నాక కాన్ఫిడెన్షియలేనమ్మా.”

హైమవతికి సిగ్గుతో మొహం ఎత్తబుద్ధి కాలేదు. కానీ గడియారం ఆగదు. “అంకుల్, నాకు లేటైతుంది. వీళ్లను జర ట్రాన్స్‌ఫర్ చేయుండ్రి.”

“నిషేధం ఉందే.”

“కంప్లైంట్ ఇచ్చింది నేనే. వాపస్ తీసుకుంటున్న.”

ఆయన అప్పటికే లుంగీ ఎగ్గట్టి, దుర్గాంబగారి బట్టల బకెట్‌తో సిద్ధంగా ఉన్నారు. ఒక్కొక్కదాన్నీ “పదవయ్యా, పద” అంటూ ఏరి లోపల వేశారు. నడవా ఖాళీ అయింది. హైమవతి గుండెల నిండా గాలి పీల్చుకుని మెట్రోకి పరుగెత్తింది.

సాయంత్రం మిఠాయి డబ్బాతో తిరిగొచ్చింది. ఉద్యోగం వచ్చింది. ఆ కబురు చెబుతుంటే ఆమెకే నమ్మకం కుదరడం లేదు, ఎంత బరువు దిగిందో. అంతలో గడప పక్కన ఒక కప్ప కనిపించింది. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది గాని పారిపోలేదు.

భీమేశ్వరరావుగారు బకెట్ అందుకున్నారు.

“ఆగుండ్రి అంకుల్,” అంది హైమవతి గోడకు అతుక్కుని. “పెండ్లాం మీ తొట్టిల ఉన్నదేమో. మా ఆయనకైతే ఎట్లాగూ ఇస్తలేరు, దీనికన్న ఇయ్యుండ్రి పెండ్లాం ఉన్న కాడ పోస్టింగు.”