గోడ సాలీడు మీద పడిన నింద

మా అత్తయ్యగారికి మనుషుల మీదా అనుమానమే, సాలీళ్ళ మీదా అనుమానమే. పెళ్ళయి మండపేట వచ్చిన కొన్నాళ్ళకే ఆ జబ్బు నాకూ అంటుకుంది. మా ఇంటికి ఒకపక్క రైసు మిల్లు, మిగతా అంతా వరిచేలు. పొద్దున్న దులిపిన మూల సాయంత్రానికి ఊకదుమ్ముతో మళ్ళీ బూజు పట్టేది. "దులిపావా అమ్మాయ్?" అనేవారు. దులిపానండి అంటే, గోడకు వేలు రాసి చూసుకునేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకసారి కోతల ముందు, ఏడాది నిండని మా పాప మెడ మీద ఎర్రటి చార లేచింది. తెల్లారేసరికి నీటిపొక్కులు.

"సాలీడు పాకింది," అని తేల్చేశారు అత్తయ్యగారు. గోడకి చెబుతున్నట్టు, "కొందరికి బూజంటే లెక్కే ఉండదు," అని కూడా అన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను వెంటనే బూజుకర్ర అందుకున్నాను.

అయినా ఏ సాలీడు? మూలల్లో సన్నకాళ్ళతో వేలాడే బూజు సాలీళ్ళు కర్ర తగిలితేనే గడగడా వణుకుతాయి, అంత పిరికివి ఉయ్యాల దాకా వస్తాయా? కిటికీ రెక్క మీద గెంతే ఈగపులి మనకేసే తిరిగి చూస్తుంది. ఆ చూపు నాకు నచ్చదుగానీ, అది పగలే తిరుగుతుంది. ఇక మిగిలింది గోడ సాలీడు. అరచేయంత ఉంటుంది, గూడు కట్టదు, పటం వెనక నక్కి ఉంటుంది, ఒక్కోసారి పొట్టకింద తెల్లబిళ్ళలా గుడ్లసంచి. గూడే లేనిది ఏం తిని బతుకుతున్నట్టు? ఇదే చేసి ఉంటుందని అత్తాకోడళ్ళం మొదటిసారి ఒక మాట మీదికి వచ్చాం.

ఇంక చూడండి! శుక్రవారం బూజు దులిపితే లక్ష్మి పోతుందనే మనిషి, శుక్రవారమే దులిపించారు. మూలలన్నీ కిరసనాయిలు గుడ్డతో తుడిపించారు. అది గోడ దిగితే కనబడాలని, కొడుకు చేత ఉయ్యాలకు సరిగ్గా పైన కొత్త ట్యూబులైటు పెట్టించారు. దీపాలవేళ నుంచి ఆ లైటు కింద మా కాపలా.

"ఉందా అది?"

"లేదండి."

అయినా మళ్ళీ పొక్కులు వచ్చాయి. ముందు చెంప మీద, తరవాత కంటి పక్కన. ఒక పొద్దున్న రెప్ప వాచి కన్ను మూసుకుపోయింది. పాప గుక్కపట్టి ఏడుస్తుంటే నా ప్రాణం పోయినంత పనయింది. కన్ను పోతుందేమోనని ఇద్దరికీ భయమే, ఇద్దరం పైకి అనలేదు. అత్తయ్యగారు పాపకి గౌను తొడుగుతుండగా, పటం వెనక ఆ గోడ సాలీడు నా కంటబడింది. చీపురుతో కసిదీరా కొట్టి, ఆవిడకి చెప్పకుండానే చెత్తలో పారేశాను. తరవాత రాజమండ్రి బస్సెక్కాం.

కంటి డాక్టరుగారు రెప్ప తెరిచి చూసి, "కన్నుకేం కాలేదమ్మా," అన్నారు. నేను అక్కడే ఏడ్చేశాను.

"సాలీడు పాకిందండి," అన్నారు అత్తయ్యగారు.

"సాలీడేంటండీ, పాపం! చేలల్లోంచి లైటుకి చిన్న పురుగులొస్తాయి, ఎరుపూ నలుపూ పట్టీలతో. ఒంటి మీద వాలినప్పుడు నలిగిందంటే ఆ రసానికి ఇలా పొక్కుతుంది. నలపకుండా ఊదెయ్యాలి. పాప పడుకునే చోట లైటేమన్నా ఉందా?"

అత్తయ్యగారు నావైపు చూడలేదు. నేను మాత్రం ఆవిడ వైపే చూశాను. నాలుక చివరిదాకా వచ్చింది మాట. ఆవిడ పాప తలని గుండెకి అదుముకున్నారు, మింగేశాను.

బస్సు ద్వారపూడి దాటాక, "ఆ పురుగుల్ని సాలీళ్ళు తింటాయేమో కదూ?" అన్నారు. నాకేం తెలుసు! పాపకి ఎండ తగలకుండా కిటికీ రెక్క దించాను.

ఇంటికి రాగానే ట్యూబులైటు స్టార్టరు ఊడబీకించి బీరువా మీద పడేశారు. పొద్దుగూకాక ఉయ్యాలకు దోమతెర కట్టి, చీకట్లో విసనకర్ర పట్టుకుని పక్కనే కూర్చున్నారు. కాసేపటికి మళ్ళీ అదే ప్రశ్న. గొంతు మాత్రం రోజూ వినే గొంతు కాదు.

"అమ్మాయ్, గోడ మీద ఉందా అది?"

చీకట్లో ఖాళీ గోడకేసి చూసి, "ఉందండి అత్తయ్యగారూ," అన్నాను.

"ఉండనీ. దాని జోలికి వెళ్ళకు."