పరబ్రహ్మం స్పీకర్లు, అహల్య చెవులు

చిన్నప్పుడు బొబ్బిలి దగ్గర పల్లెలో పెళ్ళి సన్నాయి వినిపిస్తే పరబ్రహ్మం అన్నం వదిలేసి పరుగెత్తేవాడు. ఇరవై రెండేళ్ళకు భిలాయి వచ్చి స్టీలు ప్లాంటులో ఎలక్ట్రికల్ సూపర్‌వైజరుగా చేరాడు. సెక్టర్ 4లో క్వార్టరు వచ్చింది, అహల్యతో పెళ్ళయింది, కుముదిని పుట్టింది. ఇన్నేళ్ళలో తనకంటూ అతను కోరుకున్నది ఒక్కటే. ముందుగదిలో నేలమీద నిలబడే పెద్ద స్పీకర్లు, ఒక జత.

1979 వేసవిలో ఆ కోరిక తీర్చుకున్నాడు. ఊరి పక్క మరోదా బస్తీలో ఉండే వడ్రంగి జోగయ్య చేత మందపాటి ప్లైవుడ్‌తో నడుమెత్తు పెట్టెలు రెండు చేయించాడు. కింద గంభీరమైన స్వరాలకు పెద్ద స్పీకరు, పైన సన్నని స్వరాలకు చిన్నది. లోపల దూది పరిచి, సందుల్లో జిగురు పోసి మూశాడు. జోగయ్య పెట్టెను వేలితో కొట్టి చూసి, "గుల్ల సప్పుడు రానేదు బాబూ. గట్టిగున్నాది," అని తనే మురిసిపోయాడు.

అహల్య మాత్రం మురియలేదు. "ఏటండీ ఇది? గది మధ్యలో నిలబెట్టీసేరు. గోడకి ఆనించీండి, తుడుచుకోడానికైనా వీలుంటుంది."

"ఆనిస్తే గుమ్ముమని ఒకటే మోత. మూరెడు ఎడం ఉండాలి. రెండు పెట్టెలూ ఒకదానికొకటి ఎంత దూరమో, మన కుర్చీ కూడా వాటికి అంతే దూరంలో ఉండాలి," అని అతను సుద్దముక్కతో నేలమీద గీతలు గీశాడు. ఊడ్చేటప్పుడు ఆ గీతలు చెరపకూడదని ఇంట్లో కొత్త నియమం వచ్చింది. రోజూ కిటికీలోంచి వచ్చే ఎర్ర దుమ్మును పెట్టెల మీద మెత్తటి పాతపంచెతో, స్పీకర్ల కాగితం మీద కుంచెతో తనే తుడిచేవాడు.

ఇంత చేసినా పాట అతనికి నచ్చలేదు. ఎవరో ముసుగు కప్పుకుని పాడుతున్నట్టుండేది. వైర్లు మార్చాడు. చిన్న స్పీకర్లు రెండుసార్లు మార్చాడు. సన్నని స్వరాలు పెంచే మీటను చివరిదాకా తిప్పాడు.

"పాపా, కాన్ మే చుభ్ రహా హై!" అంటూ కుముదిని వీధిలోకి పోయింది.

"నాకూ చెవుల్లో సూదులు గుచ్చినట్టుందండీ," అంది అహల్య.

"మీకేం తెలుసు సంగీతం!" అని అతను కసిరాడు.

ఒక ఆదివారం పొద్దున్న, లోపం ఎక్కడుందో తేల్చుకుందామని పెద్ద స్పీకర్ల వైర్లు విప్పేసి, చిన్నవాటిని మాత్రం ఉంచి వయొలిన్ రికార్డు పెట్టాడు. ఏ చప్పుడూ లేదు. ఇవి కూడా పోయాయనుకుని వాటి దగ్గర చెవి పెట్టాడు. అంతలో వంటింట్లోంచి అహల్య చెవులు మూసుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఆపండి ముందు! ఆపండి!"

"ఏం ఆపాలి? అసలేమీ రావడంలేదుగా!"

ఆమె చేతులు మెల్లగా కిందికి దిగాయి. అతని మొహంలోకి చూసింది. "నిజంగా వినబడ్డంలేదా మీకు?"

ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఆ మధ్య కుక్కరు కూత కూడా అతనికి వినబడడంలేదని ఆమెకు గుర్తొచ్చింది. పరధ్యానం అనుకుంది అప్పట్లో.

పరీక్ష చేసిన డాక్టరు, మీ నాన్నగారికీ ఇలాగే ఉండేదా అని అడిగాడు. ఉండేది. నాన్న చెవి వెనక చెయ్యి పెట్టుకునేవాడు. సన్నని శబ్దాలు పోయాయి, అవి తిరిగి రావు, మాటలకు మాత్రం చాలా ఏళ్ళు ఇబ్బంది ఉండదని చెప్పాడు డాక్టరు. పరబ్రహ్మం ఇంటికొచ్చి పెట్టెల మీద దుప్పటి కప్పేశాడు. పాట ఊసే ఎత్తలేదు.

వానాకాలం వచ్చింది. అహల్యే ఒకరోజు దుప్పటి తీసి చూసింది. అడుగు పలకలు చెమ్మకు ఉబ్బుతున్నాయి. భర్తకు చెప్పకుండా జోగయ్యకు కబురు పెట్టి, పెట్టెలకు చెక్క కాళ్ళు వేయించింది. సాయంత్రం పరబ్రహ్మం డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆమె అతని కుర్చీలో కూచుని ఉంది.

"చెప్పండి. ఏ పెట్టె ఎటు జరపాలి? మీరు జరపండి, నేను వింటాను."

"నీకెందుకు శ్రమ?"

"ఇన్నాళ్ళూ తిట్టేను కదా, ఓపాలి వింటే ఏం పోయింది?"

అతను రికార్డు పెట్టాడు. ఆమె కళ్ళు మూసుకుంది. "పాడే ఆవిడ ఎడం పెట్టెలో దూరిపోయింది. మధ్యకి రావాలా?"

"రావాలి!" అతని గొంతు లేచింది. ఎడమ పెట్టెను వేలెడు వెనక్కి జరిపాడు.

"ఇంకొంచెం... ఆఁ, వచ్చింది. తాళాలు మాత్రం కంచం మీద గరిట పడినట్టున్నాయి."

మీట సగానికి తగ్గించాడు. అతనికి మళ్ళీ ముసుగు కప్పినట్టే అయింది. అయినా దాన్ని అక్కడే వదిలేసి ఆమె పక్కన నేలమీద కూచున్నాడు. మృదంగం బాగా వినబడుతోంది.

"వయొలిన్ ఏం చేస్తోంది?" అని అడిగాడు.

"పైకెళ్తోంది. సన్నగా, దారంలా... ఇంకా పైకి. అదిగో, దిగింది."

అతను తలూపాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత అది వాళ్ళ ఆదివారపు అలవాటైంది. అదే వీధిలో పార్థసారథి అనే ఇంజనీరు కొత్త స్పీకర్లు కొని, గంభీరమైన మోత రావడంలేదని బాధపడుతుంటే అహల్య వెళ్ళి విని, "రెండూ పోట్లాడుకుంటున్నట్టున్నాయి," అంది. పరబ్రహ్మం చూస్తే ఒకదాని వైర్లు ప్లస్సు, మైనస్సు తారుమారుగా ఉన్నాయి. సరిచేస్తే మోత వచ్చింది. అప్పటినుంచి తెలుగువాళ్ళిళ్ళలో ఎవరు స్పీకర్లు కొన్నా ఈ ఇద్దరికీ పిలుపొచ్చేది. స్క్రూడ్రైవరు ఆయనది, వినడం ఆవిడది.

1986లో తమ పెద్ద స్పీకర్ల కాగితం అంచులు చిరిగితే ఇద్దరూ రాయపూర్ వెళ్ళారు. దుకాణదారు రెండు రకాలు తీసి మోగిస్తూ, "సునియే సాబ్," అని పరబ్రహ్మాన్ని వినమన్నాడు.

పరబ్రహ్మం పక్కకు జరిగి, "మేడమ్ కో సునాయియే," అని అహల్యను చూపించాడు.

అహల్య రెండింటినీ మూడేసి సార్లు మోగించమని విని, రెండో రకం తీసుకుంది.